ఏండ్ల సంది వినే క్యాసెట్లు కంప్యూటర్‌లకు ఎక్కించుడు: ట్రెబుల్ (ఎత్తు శబ్దం) పోతాంది, దేనితోని మొదలుపెట్టాలె?

ఓరుగల్లు_వినికిడి
మళ్లమళ్ల వినే ఆల్బమ్‌లన్నీ క్యాసెట్ల మీదనే ఉన్నయ్. సాగర సంగమం, రుద్రవీణ, గీతాంజలి, ఇళయరాజా హౌ టు నేమ్ ఇట్, ఘంటసాల భగవద్గీత, ఒగ్గుకథ సెట్లు, హన్మకొండ రికార్డింగ్ షాపుల లిస్టు రాసిచ్చి నింపించిన 90 నిమిషాల క్యాసెట్లు. అన్నీ కంప్యూటర్‌లకు ఎక్కియ్యాలె. సమస్యలు ఇవి: డెక్‌ల (క్యాసెట్ ఆడించే మిషన్) ఏ క్యాసెట్ ఏసినా తువ్వాల కప్పినట్టు మూగగ వినిపిస్తాంది. కుడి చానల్ అప్పుడప్పుడు పడిపోయి లేస్తాంది. ఒక క్యాసెట్ కీచుమంటాంది. రెండింటి టేపు మీద తెల్లటి పొడి ఉన్నది. లాప్‌టాప్‌కు ఒక్కటే రంధ్రం ఉన్నది. ఏది ముందు, ఏది ఎనుక?

కాజీపేట_జంక్షన్
అన్ని క్యాసెట్లు మూగగ ఉంటే తప్పు మిషన్‌ది. ఒకటి రెండే ఉంటే టేపుది. మీరు అన్నీ అంటున్నరు కాబట్టి ముందు హెడ్ (టేపు మీది శబ్దాన్ని చదివే భాగం) శుభ్రం చెయ్యుండ్రి. అది కాకముందు ఇంకేదీ ముట్టొద్దు.

ఆ తెల్లపొడి క్యాసెట్లు మాత్రం డెక్‌ల ఎయ్యకుండ్రి. అది బూజు. హెడ్‌కు, రోలర్‌కు అంటుకొని మిగిలిన క్యాసెట్లకు కూడా పాకుతది.

పాటలపెట్టె
సాగర సంగమం, గీతాంజలి పాటలు అన్ని యాప్‌లల్ల ఉన్నయ్ గదా. ఇంత కష్టం దేనికి?

మానేరు_అల
@పాటలపెట్టె సగం వరకు మీ మాట సరే. ఆల్బమ్‌లను ముందుగాల్ల రెండు కుప్పలు చేసుకోవాలె. కంపెనీ సీడీ గానీ, మంచి డిజిటల్ కాపీ గానీ దొరికేవి ఒక కుప్ప. సాగర సంగమం (1983), రుద్రవీణ (1988), గీతాంజలి (1989) గందులకే వస్తయ్. వాటి సీడీ దొరికితే క్యాసెట్ కన్నా అదే మేలు. టేపు మీద ఉండే సుయ్‌మనే సప్పుడు అందుల ఉండది.

రెండో కుప్ప అసలు పని. ఒగ్గుకథ, బతుకమ్మ పాటలు, సమ్మక్క జాతర పాటలు, ఉద్యమ పాటలు. జిల్లా కేంద్రాలల్ల చిన్న కంపెనీలు తీసిన క్యాసెట్లు. వీటికి మాస్టర్ టేపు (మొదటి అసలు రికార్డింగ్) మిగిలిందో లేదో ఎవ్వలికీ ఎరుక లేదు. మీ చేతిల ఉన్నదే ఆఖరి కాపీ కావచ్చు. శ్రమంతా వీటి మీద పెట్టుండ్రి.

పరకాల_చౌరస్తా
మానేరు అన్న చెప్పిన దాంట్ల ఒక్కటి ఒప్పుకోను. సీడీ ఉన్నదంటే క్యాసెట్ అక్కెర లేదనుడు తప్పు. తర్వాత వచ్చిన కొన్ని కాపీలల్ల శబ్దం మొత్తం పైకి గుంజి నొక్కిపెట్టిన్రు. పల్లవి మెల్లగ మొదలై చరణం దగ్గర లేవాలె. ఆ ఎత్తుపల్లం పోయింది. కొన్నిట్ల పాట చివర మెల్లగ తగ్గిపోయేది మధ్యలనే తెగుతది. క్యాసెట్‌ల పాటల వరుస వేరే, యాప్‌ల వరుస వేరే.

మానేరు_అల
@పరకాల_చౌరస్తా నొక్కుడు సంగతి నిజమే. కానీ అది ఒక్కొక్క కాపీకి ఒక్కొక్క తీరు. పాత సీడీల ఎత్తుపల్లం బాగనే ఉంటది, ఆ తర్వాతి రీమాస్టర్‌లనే నొక్కుడు ఎక్కువ. చూసుడు అలకగనే ఉంటది. ఆడాసిటీ అనే శబ్దం ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్‌ల ఫైలు తెరువుండ్రి. పాట మొత్తం ఇటుక లెక్క నిండుగ, తలలు ఒకే గీత దగ్గర కోసినట్టు కనిపిస్తే నొక్కిన కాపీ. ఎగుడుదిగుడు కనిపిస్తే మంచిదే.

డెక్_మెకానిక్
శుభ్రం చేసే తీరు చెప్తున్న. పని మొత్తం ఇక్కడనే ఆధారపడి ఉంటది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతం ది. మొబైల్ రిపేరు చేసేటోళ్ల దగ్గర ఐపీఏ అంటే ఇస్తరు. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు, దాంట్ల గ్లిజరిన్, సెంటు, నీళ్లు ఉంటయ్. ఎండినంక హెడ్ మీద పొర మిగులుతది.

డెక్ కరెంటు తీసెయ్యాలె. దూది పుల్లను ఐపీఏల ముంచి, కారకుండ పిండి, హెడ్ ముఖం మీద టేపు పోయే దారి ఎంట రుద్దాలె. గోధుమరంగు మరక వస్తది, అది టేపు నుంచి రాలిన ఆక్సైడ్. పుల్ల తెల్లగ వచ్చేదాంక మార్చుకుంట పోవాలె. ఎరేజ్ హెడ్‌నూ, టేపును పట్టే గైడ్లనూ మర్చిపోవద్దు. ఆఖరుకు క్యాప్‌స్టన్: హెడ్ పక్కన సన్నగ తిరిగే ఇనుప కడ్డీ. దాని మీద మురికి గట్టిపడితే టేపు నడక ఎగుడుదిగుడు అయితది, పాట వణుకుతది.

నల్లటి రబ్బరు రోలర్‌కు ఆల్కహాల్ ఎక్కువ పెట్టొద్దు. మల్లమల్ల పెడితే రబ్బరు ఎండి పగుళ్లు వస్తయ్. సబ్బునీళ్లల్ల తడిపి గట్టిగ పిండిన బట్టతోని తుడిచి, తడి లేకుండ ఆరనియ్యాలె. రోలర్ అద్దం లెక్క మెరుస్తాందంటే అది గట్టిపడ్డట్టు, టేపును సరిగ పట్టది. మార్చుడే.

పది నిమిషాలు ఆరినంక, పోయినా బాధ లేని క్యాసెట్‌ను ముందుగాల్ల ఏసి చూడుండ్రి. కుడి చానల్ పడిపోవుడు సగం కేసులల్ల ఇక్కడనే తీరుతది.

జనగామ_వినోదం
డెక్ టేపును నమిలి మింగితే ఏం చెయ్యాలె? మా దాని ఆకలి జర ఎక్కువ.

డెక్_మెకానిక్
@జనగామ_వినోదం టేకప్ రీల్ తిరుగతలేదని అర్థం. క్యాప్‌స్టన్ టేపును ముందుకు తోస్తాంది, అవుతలి చక్రం చుట్టుకుంటలేదు. సాగిన బెల్టు, జారిన క్లచ్, లేదంటే ఎండిన గ్రీజు. బెల్టు కరిగి తారు లెక్క అయి ఉంటే పుల్లీ మీద మిగిలినదంతా ఐపీఏతోని తుడిచినంకనే కొత్తది ఎయ్యాలె. కొలత కోసం పాత బెల్టును నమ్మొద్దు, అది సాగి ఉంటది. పుల్లీల చుట్టూ బెల్టు పోయే దారి ఎంట దారం తిప్పి కొలిచి, దాంట్ల సుమారు 5 శాతం తక్కువ పొడవుది తీసుకోవాలె. మరీ బిగుతుగ ఉంటే మోటరు బేరింగ్ అరుగుతది. హైదరాబాద్ పోయేటోళ్లు కోఠి గుజరాతీ గల్లీల అడిగి చూడుండ్రి, దారం తీస్కపోవుండ్రి.

భద్రకాళి_కట్ట
హెడ్ తుడిచినా మూగతనం పోకపోతే అజిమత్, అంటే టేపుకు హెడ్ నిలబడ్డ కోణం, చూడాలె. హెడ్ గ్యాప్ (హెడ్ ముఖం మీది సన్న చీలిక) టేపు నడకకు సరిగ్గ 90 డిగ్రీలు ఉండాలె. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లే పోతది, అందుకని 10 కిలోహెర్ట్జ్ శబ్దం టేపు మీద 4.76 మైక్రాన్ల పొడవే ఉంటది. ఎడమ, కుడి ట్రాకుల మధ్యల దూరం దాదాపు 0.9 మిల్లీమీటర్. హెడ్ 0.1 డిగ్రీ వంగినా రెండు చానళ్ల నడుమ 1.5 మైక్రాన్ల తేడా వస్తది, అంటే 10 కిలోహెర్ట్జ్ అలల మూడో వంతు. రెండు చానళ్లు కలిపి మోనో చేస్తే ఆ ఎత్తు శబ్దం సగానికి పడిపోతది. తాళాలు, మువ్వలు, స, శ అక్షరాలు ముందుగాల్ల మాయమైతయ్.

సరిచేసుడు: హెడ్‌కు రెండు స్క్రూలు ఉంటయ్, ఒకదాని కింద స్ప్రింగ్ ఉంటది. ఆ స్ప్రింగ్ ఉన్నదే అజిమత్ స్క్రూ. ఇంకోదాన్ని ముట్టొద్దు. క్యాసెట్ తలుపు మూత తీస్తే పాట నడుస్తుండంగనే స్క్రూడ్రైవర్ అందుతది. శబ్దాన్ని మోనోల పెట్టి, తాళాలు బాగ మోగే చోట ఆడించి, స్క్రూను బహు మెల్లగ అటూఇటూ తిప్పాలె. పావు చుట్టు కన్నా ఎక్కువ అక్కెర పడది. తాళాలు అన్నిటికన్నా పదునుగ వినిపించే చోట ఆపాలె. మోనోల వినుడు ముఖ్యం, స్టీరియోల తేడా తెలువది.

కాజీపేట_జంక్షన్
అయ్యో, అందరికీ అజిమత్ ముట్టుమని చెప్పకుండ్రి. కంపెనీ పెట్టి లక్క ఏసిన స్క్రూ అది. తిప్పితే మళ్ల ఎన్కకు పెట్టుడు తెలువక ఉన్న క్యాసెట్లన్నీ పాడుగ వినిపిస్తయ్. ముందు శుభ్రం, తర్వాత డాల్బీ (సుయ్‌మనేది తగ్గించే పద్ధతి) బటన్, టేపు రకం బటన్ చూడుండ్రి.

భద్రకాళి_కట్ట
@కాజీపేట_జంక్షన్ డెక్‌ను అమ్మే మాట అయితే మీరన్నది ఒప్పుకుంట. ఎక్కించే పనికైతే ఒప్పుకోను. కంపెనీ క్యాసెట్ ఒక మిషన్ మీద అచ్చైంది, హన్మకొండ షాపుల నింపినది ఇంకో మిషన్ మీద. రెండింటి కోణం ఒకటే ఉండదు. ఒకే క్యాసెట్‌కు ఏ సైడ్ వేరే, బీ సైడ్ వేరే కూడా ఉంటది. అందుకనే ప్రతి సైడ్‌కు మోనోల విని సరిచేసుకొని అప్పుడు రికార్డు ఒత్తాలె. ఇది చెయ్యకుండ ఎక్కిస్తే పోయిన ట్రెబుల్ కంప్యూటర్‌ల ఈక్వలైజర్ పెంచినా రాదు, సుయ్‌మనేది మాత్రం పెరుగుతది.

ఎన్కకు వచ్చుటానికి: స్క్రూ గాడి ఎటు దిక్కు ఉన్నదో ముట్టక ముందే ఫోన్‌ల ఫొటో తీసుకోవాలె. మార్కర్‌తోని గాడికి ఎదురుంగ చుక్క పెట్టుకుంటే ఇంక మంచిది.

పాటలపెట్టె
ఫొటో సంగతి బాగున్నది.

కాజీపేట_జంక్షన్
ఫొటో తీసుకుంటే సరే, నాకు వేరే మాట లేదు. డాల్బీ సంగతి మాత్రం చెప్తా. డాల్బీ బీ లేకుండ నింపిన క్యాసెట్‌ను డాల్బీ బటన్ ఒత్తి ఆడిస్తే మూగగనే ఉంటది, శబ్దం తగ్గిన చోట ఇంకా ఎక్కువ. షాపుల నింపినవాటికి దాదాపు అన్నిటికీ డాల్బీ ఉండది. మూత మీద డాల్బీ గుర్తు ఉన్నదానికే బటన్ ఒత్తుండ్రి. అట్లనే టేపు రకం బటన్: ట్రెబుల్ సరిచేసే సెట్టింగ్ మామూలు టేపుకు 120 మైక్రోసెకన్లు, క్రోమ్ (క్రోమియం పూత) టేపుకు 70. మామూలు టేపును క్రోమ్ సెట్టింగ్‌ల ఆడిస్తే ట్రెబుల్ నాలుగైదు డీబీ (డెసిబెల్) తగ్గి వినిపిస్తది. బటన్‌తోనే పోయే జబ్బుకు స్క్రూ ఎందుకు తిప్పాలె?

సిరిసిల్ల_దారం
కీచుమనేదాని గురించి ఎవ్వలూ చెప్పలే. ఓవెన్‌ల కాల్చాలె అని ఎక్కడనో చదివిన.

డెక్_మెకానిక్
వద్దు! కాల్చుడు పెద్ద రీల్ టేపులల్ల ఒక రకం జిగురు తేమ పీల్చి బంక అయినప్పుడు చేసే పని. దానికీ కొలతలు, వేడి అదుపు కావాలె. క్యాసెట్‌ల కీచుకు ఎక్కువ పాలు వేరే కారణాలే ఉంటయ్. మొదటిది, టేపు చుట్ట ఎగుడుదిగుడుగ ఉండి డబ్బా గోడలకు రాసుకునుడు. రెండోది, లోపల జారుడు కాగితం అరిగిపోవుడు. మూడోది, నడుమ ఉండే ప్రెషర్ ప్యాడ్ గట్టిపడుడు.

క్యాసెట్‌ను బల్ల మీద అడ్డంగ పెట్టి అరచేత్తోని రెండు పక్కలా మెల్లగ కొట్టుండ్రి, చుట్ట సమానమైతది. తర్వాత ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి, మళ్ల ఎన్కకు ఒకసారి తిప్పుండ్రి. ఏండ్ల సంది ముట్టని క్యాసెట్ ఏదైనా ఆడించే ముందు ఇది చెయ్యాలె. పొరలు ఒకదానికొకటి అంటుకుంటే ఇట్లనే విడిపోతయ్. తిప్పేటప్పుడు ఆగి ఆగి పోతే బలవంతం చెయ్యొద్దు.

అయినా కీచు పోకపోతే వేరే డబ్బాలకు మార్చుడే. అయిదు స్క్రూలు ఉన్న మంచి డబ్బా ఒకటి సంపాదించుండ్రి.

జనగామ_వినోదం
పెన్సిల్ లేకుండ క్యాసెట్ ముచ్చట పూర్తి కాదు. ఆరు పలకల పెన్సిల్ చక్రంల సరిగ్గ పడతది, తిప్పుటానికి మిషన్ కన్నా చెయ్యే నయం.

సిరిసిల్ల_దారం
@డెక్_మెకానిక్ నా దాంట్ల చాలామటుకు స్క్రూలు లేని అతికించిన డబ్బాలే. చిన్న కంపెనీ ఒగ్గుకథ క్యాసెట్లన్నీ అట్లనే ఉన్నయ్. ఎట్ల తెరవాలె?

డెక్_మెకానిక్
అతుకు గీత మీద సన్న బ్లేడు పెట్టి, టేపు బయటికి కనిపించే దిక్కు కాకుండ దాని ఎదురు దిక్కు నుంచి మొదలుపెట్టుండ్రి. బ్లేడు లోపలికి రెండు మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ పోవద్దు, టేపు చుట్ట దగ్గర్నే ఉంటది. ఒక్క దిక్కు విడిస్తే మిగిలినవి టక్కు టక్కుమని విడుస్తయ్. డబ్బాను అడ్డంగ పెట్టే తెరవాలె, నిలబెడితే రెండు చుట్టలూ జారి నేల మీద పడ్తయ్.

తెరిచినంక దారి ఫొటో తీయుండ్రి. ఎడమ చుట్ట, మూల చక్రం, ప్యాడ్ ముందు నుంచి, కుడి మూల చక్రం, కుడి చుట్ట. ప్యాడ్ ఎనుక సన్న రేకు ఉంటది, అది హెడ్‌కు హమ్ (గుయ్‌మనే కరెంటు సప్పుడు) రాకుండ ఆపే కవచం. కొత్త డబ్బాల అది ఉన్నదో లేదో చూసుకోవాలె. గోధుమరంగు ముఖం బయటి దిక్కు ఉండాలె. తిప్పి పెడితే శబ్దం బాగ తగ్గి, మూగగ వస్తది.

ప్యాడ్ ఊడిపోయి ఉంటే అదే ఎడమ, కుడి పడిపోవుటానికి కారణం. టేపును హెడ్‌కు ఒత్తేది అదే. ఇంకో క్యాసెట్‌ది రేకుతో సహా తీసి పెట్టుడు మంచిది. సొంతంగ జిగురుతోని అంటిస్తే జిగురు ఊరి టేపుకు అంటుతది.

పరకాల_చౌరస్తా
తెగిన టేపు అతికేటప్పుడు కూడా అదే జాగ్రత్త. మామూలు సెల్లోటేప్ వద్దు. ఎండాకాలంల జిగురు కరిగి పక్క పొరకు అంటుతది. స్ప్లైసింగ్ టేప్ అని 3.81 మిల్లీమీటర్ల వెడల్పుది దొరుకుతది. హెడ్‌కు తాకని ముఖం మీదనే ఎయ్యాలె.

భూపాలపల్లి_షిఫ్ట్
బూజు క్యాసెట్లను ఎండల పెడితే పోదా?

డెక్_మెకానిక్
@భూపాలపల్లి_షిఫ్ట్ ఎండల పెట్టకు తమ్మీ. మే నెలల మన దిక్కు నీడలనే 44, 45 డిగ్రీలు. ఎండల ప్లాస్టిక్ వంగుతది. వేడికి ఇంకో నష్టం ఉన్నది. ఒక పొర మీది శబ్దం పక్క పొర మీదికి అచ్చైతది. పాట మొదలుకాకముందే సన్నగ అదే పాట వినపడుతది, అట్ల. 90 టేపు సన్నగ ఉంటది కాబట్టి దాంట్ల ఇంకా ఎక్కువ.

బూజుదాన్ని జిప్ సంచిల ఏసి వేరే గదిల పెట్టుండ్రి. సంచిల సిలికా జెల్ పొట్లాలు ఏసి వారం పది రోజులు ఎండనియ్యాలె. తడి బూజును తుడిస్తే పూసినట్టయితది, ఎండినది రాలుతది. తర్వాత ఎన్95 మాస్క్ పెట్టుకొని, ఇంటి బయట, డబ్బా తెరిచి, పోగులు రాలని మెత్తటి బట్ట నడుమ నుంచి టేపును చేత్తోని మెల్లగ గుంజుకుంట చుట్టాలె. పాత డబ్బా పారెయ్యుడే. అప్పుడు గూడ మంచి డెక్‌ల కాకుండ, పాత టూ ఇన్ వన్ ఏదైనా ఉంటే దాంట్ల ఒకసారి నడిపి, సైడ్ అయిపోంగనే హెడ్ తుడువుండ్రి.

ఓరుగల్లు_వినికిడి
మస్తు సంగతులు చెప్పిన్రు. లాప్‌టాప్ రంధ్రం సంగతి ఎవ్వలన్న చెప్పుండ్రి. డెక్ ఎనుక ఎర్ర, తెల్ల పిన్నులు ఉన్నయ్.

మానేరు_అల
ఆ ఎర్ర, తెల్లవే లైన్ అవుట్. వాటినే వాడాలె, హెడ్‌ఫోన్ రంధ్రం వద్దు. లాప్‌టాప్ రంధ్రం ఎక్కువ వాటిల మోనో మైక్ కోసం. దాంట్ల రెండు చానళ్లు ఒకటైతయ్, మైక్ ఆంప్లిఫైయర్ శబ్దాన్ని పగలగొడుతది. లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (డెక్ శబ్దాన్ని కంప్యూటర్‌కు పంపే చిన్న డబ్బా) కావాలె. ఇంటర్‌ఫేస్‌ల ఫాంటమ్ పవర్ (మైక్‌కు పంపే కరెంటు) ఆపాలె, గిటార్ బటన్ ఉంటే అదీ ఆపాలె. విండోస్‌ల సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ తీసెయ్యాలె, లేకుంటే మెల్లటి చోట అదే శబ్దం పెంచుతది.

యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ అని అగ్గువకు దొరికేవి ఉన్నయ్, అవి తీసుకోవద్దు. మోటరు వణుకు వినేటోనికి తెలుస్తది. కొన్నిట్ల హెడ్ మోనోదే ఉంటది. పాత మంచి డెక్‌కు బెల్టు ఏపిచ్చుడే మేలు.

గుయ్‌మని 50 హెర్ట్జ్ హమ్ వస్తే లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డు చెయ్యుండ్రి. పోతే గ్రౌండ్ లూపు, అంటే రెండు మిషన్ల ఎర్తింగ్ కలిసి వచ్చే సప్పుడు, అని అర్థం.

హుజూరాబాద్_స్పీకర్
లెవల్ ఎంత పెట్టాలె? కొందరు సున్నా దాంక ఎక్కియ్యాలె అంటరు.

మానేరు_అల
@హుజూరాబాద్_స్పీకర్ అది టేపు మీద నింపేటప్పటి అలవాటు. డిజిటల్‌ల సున్నా దాటితే కోత పడతది, మళ్ల రాదు. సినిమా పాటలకు అన్నిటికన్నా గట్టి చోట మైనస్ 6 డీబీ దగ్గర ఆగాలె. ఒగ్గుకథకు మైనస్ 10 దాంక దించుండ్రి. డోలు దెబ్బ ఉన్నట్టుండి లేస్తది, మాట మెల్లగ ఉంటది. కథ మొదట్ల చూసి లెవల్ పెడితే డోలు వచ్చినంక కోత పడుతది. డోలు జోరుగ ఉండే చోటికి పోయి లెవల్ పెట్టుకొని, అప్పుడు మొదటికి రావాలె.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్. గంటకు ఒక జీబీ అయితది. ఫ్లాక్ (నాణ్యత పోకుండ కుదించే ఫైలు రకం) చేస్తే దాదాపు సగానికి వస్తది, ఒక్క బిట్ పోదు.

పరకాల_చౌరస్తా
క్యాసెట్‌కు 24 బిట్ ఎందుకన్నా? టేపు మీద సుయ్‌మనేదే 55, 60 డీబీ కింద ఉంటది. 16 బిట్‌ల 96 డీబీ దాంక జాగ ఉన్నది. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ చాలు, గంటకు 600 ఎంబీ.

మానేరు_అల
@పరకాల_చౌరస్తా వినుటానికి 16 చాలు, అందుల వాదన లేదు. ఎక్కించేటప్పుడు లెవల్ తక్కువ పెట్టి, తర్వాత పెంచుకునే సౌలత్ కోసమే 24. ఒగ్గుకథకు మైనస్ 10 దగ్గర ఆపుమన్న గదా, దానికే. డిస్క్ జాగ అసలే తక్కువుంటే మీరన్నట్టు చేసినా నష్టం చెవికి తెలువది.

భద్రకాళి_కట్ట
స్పీడ్ సంగతి ఎవ్వలూ ఎత్తలే. డెక్ 3 శాతం స్పీడ్ పోతే పాట శ్రుతి దాదాపు పావు స్వరం పైకి పోతది. 30 నిమిషాల సైడ్ 29 నిమిషాల 8 సెకన్లకు అయిపోతది. గాయకుని గొంతు సన్నబడ్డట్టుంటది, చాలామంది దాన్నే అసలు గొంతు అనుకుంటరు.

టెస్ట్ క్యాసెట్ ఉంటే 3150 హెర్ట్జ్ శబ్దం ఆడించి చూసుడే. లేకుంటే సీడీ ఉన్న ఆల్బమ్ క్యాసెట్ ఏయాలె. పాటల మొదటి తబలా దెబ్బ నుంచి ఆఖరు పల్లవిల ఒక గుర్తు దెబ్బ దాంక రెండింట్ల సెకన్లు లెక్కపెట్టాలె. సీడీల 280 సెకన్లు, క్యాసెట్‌ల 272 వస్తే డెక్ దాదాపు 3 శాతం జోరు. ఒక్క క్యాసెట్‌తోని తేల్చొద్దు, ఆ క్యాసెట్ నింపినప్పుడే స్పీడ్ తప్పి ఉండొచ్చు. వేరే వేరే కంపెనీలవి మూడు చూసి, మూడూ ఒకే దిక్కు అంతే తప్పితే డెక్‌దే తప్పు. మోటరు ఎనుక చిన్న రంధ్రంల స్క్రూ ఉంటది, దాన్ని ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తోని జర జర తిప్పాలె. డెక్‌ను పావుగంట నడిపి, వేడైనంకనే చూడాలె.

సీడీ లేని ఒగ్గుకథ అసొంటివాటికి ఒక ఉపాయం. పాత రికార్డింగ్‌లల్ల కరెంటు హమ్ టేపు మీదనే ఎక్కి ఉంటది. ఆడాసిటీల స్పెక్ట్రమ్ చూస్తే 50 హెర్ట్జ్ దగ్గర ముల్లు కనిపించాలె. అది 51.5 దగ్గర ఉంటే టేపు 3 శాతం జోరుగ పోతాందన్నట్టు. డెక్ సొంత హమ్ కూడా 50 దగ్గర్నే ఉంటది కాబట్టి, క్యాసెట్ ఆపి ఒకసారి, ఆడించి ఒకసారి చూసి, ఏది టేపుదో తేల్చుకోవాలె.

సిరిసిల్ల_దారం
ఈ హమ్ ఉపాయం మొదటిసారి వింటున్న. చాలా మంచిగున్నది.

పాటలపెట్టె
ఏ ఆల్బమ్ ఏసి డెక్‌ను పరీక్ష చెయ్యాలె? తాళాలు కావాలె అన్నరు, ఇంకా?

భద్రకాళి_కట్ట
వణుకు పట్టాలంటే పొడుగు స్వరాలు కావాలె. హౌ టు నేమ్ ఇట్ (1986) ల వి.ఎస్. నరసింహన్ వయొలిన్ ఏయుండ్రి. ఒక స్వరం మీద కమాను నిలిచినప్పుడు సన్నగ ఊగుతాందంటే క్యాప్‌స్టన్ మురికి గానీ, బెల్టు గానీ. నథింగ్ బట్ విండ్‌ల హరిప్రసాద్ చౌరాసియా వేణువు కూడా దీనికి బహు మంచిది. కానీ వయొలినిస్ట్ కావాలనే ఊపే గమకం వేరే, డెక్ వణుకు వేరే. డెక్‌ది ఒకే లయల మల్లమల్ల వస్తది, పాట మారినా మారది.

అజిమత్‌కు తాళాలు, గజ్జెలు. సాగర సంగమంల నాట్యం పాటలు అందుకే మేలు. ప్యాడ్ జబ్బు పట్టాలంటే వాయిద్యం తక్కువ ఉండి గొంతు ఒక్కటే నడిచేవి ఏయాలె. ఘంటసాల భగవద్గీతల శ్లోకం, తాత్పర్యం నడుమ గొంతు పడిపోయిందా అనేది ఇట్టే తెలుస్తది.

హుజూరాబాద్_స్పీకర్
మా దిక్కు టూ ఇన్ వన్‌ల మీద మాభూమి పాట మోగితే ఊరంతా వినపడేది. గద్దర్ గొంతుల బండెనక బండి ఏసి చూడుండ్రి. గొంతు ఎత్తుకున్న చోట పగిలితే అది టేపు మీదనే పగిలిందో, మన దగ్గర పగులుతాందో తేల్చుకోవాలె. లెవల్ తగ్గించి చూడుండ్రి, అయినా పగిలే ఉంటే టేపుది, పోతే మన ఇంటర్‌ఫేస్‌ది.

జనగామ_వినోదం
ఎక్కించినంక నాయిస్ రిడక్షన్ గట్టిగ పెడితే సీడీ లెక్క అయితదా?

మానేరు_అల
@జనగామ_వినోదం కాదు. గట్టిగ పెడితే నీళ్లల్ల నుంచి పాడినట్టు, గులగుల సప్పుడు వస్తది. తాళాల చివర తెగిపోతది. పాట మొదలుకాకముందు ఉండే ఖాళీ టేపు నుంచి రెండు సెకన్లు నమూనా తీసుకోవాలె. మొదట్ల వచ్చే పారదర్శకమైన లీడర్ పట్టీ నుంచి తీసుకోవద్దు, దాని మీద టేపు సప్పుడు ఉండది. 6 డీబీ తగ్గిస్తే చాలు. ఆడాసిటీల మిగిలిన శబ్దాన్ని వినే ఐచ్ఛికం ఉన్నది, అందుల పాట వినపడితే ఎక్కువ తీసేస్తున్నట్టే.

ముఖ్యంగ, ముట్టని అసలు ఫైలు పక్కన ఉంచాలె. శుభ్రం చేసినది వేరే ఫైలు.

పరకాల_చౌరస్తా
నా లెక్కల అసలు నాయిస్ రిడక్షన్ వద్దు. సుయ్‌మనేది రెండు నిమిషాలకు చెవి మర్చిపోతది, గులగుల మాత్రం మర్చిపోదు.

భూపాలపల్లి_షిఫ్ట్
ఎక్కించిన ఒగ్గుకథలు ఎవరన్న ఇక్కడ పెట్టొచ్చు గదా?

కాజీపేట_జంక్షన్
@భూపాలపల్లి_షిఫ్ట్ కంపెనీ క్యాసెట్లు ఇక్కడ పెట్టకుండ్రి, హక్కులు వేరేటోళ్లయి. సొంతానికి ఎక్కించుకునే తీరు మాట్లాడుకుందాం.

ఓరుగల్లు_వినికిడి
పేర్లు ఎట్ల పెట్టుకోవాలె? పాట పాటకు కోసుకోవాల్నా?

మానేరు_అల
సైడ్ మొత్తం ఒక్క ఫైలుగనే ఉంచుండ్రి, అది అసలు. కోసిన పాటలు వేరే ఫోల్డర్. రెండు సినిమాలు ఒకే క్యాసెట్‌ల ఏ సైడ్, బీ సైడ్‌గ వచ్చినవి చాలా ఉంటయ్, పేరుల సైడ్ లేకుంటే తర్వాత కలగాపులగం అయితది. పేరు, కంపెనీ, మూత మీది క్యాటలాగ్ నంబరు, సైడ్, ఎక్కించిన తారీఖు, ఏ డెక్. మూత కాగితాన్ని 600 డీపీఐల స్కాన్ చెయ్యుండ్రి. పాడినోళ్ల పేర్లు, డోలు కొట్టినోళ్ల పేర్లు చాలా కథలకు ఆ కాగితం మీదనే ఉన్నయ్, ఇంకెక్కడా లేవు. మొత్తం రెండు వేరు వేరు డిస్కుల మీద ఉండాలె. ఒకటి ఇంట్ల, ఒకటి ఇంకో ఇంట్ల.

సిరిసిల్ల_దారం
అయినంక క్యాసెట్లను ఎట్ల దాచాలె? మా దిక్కు వానాకాలం గోడలకే చెమ్మ.

డెక్_మెకానిక్
చెమ్మ గోడను తాకే అల్మారా వద్దు. గాలి పోని ప్లాస్టిక్ డబ్బాల సిలికా జెల్ ఏసి, క్యాసెట్లను నిలువుగ పెట్టుండ్రి. జెల్ రంగు మారితే వేడి చేసి మళ్ల వాడొచ్చు. స్పీకర్ పక్కన పెట్టొద్దు, అయస్కాంతం ఉంటది. కార్ల డ్యాష్‌బోర్డ్ మీద మర్చిపోవద్దు. దాచే ముందు ఒక సైడ్ మొత్తం మామూలు స్పీడ్‌ల ఆడించి, అట్లనే పెట్టాలె. జోరుగ తిప్పి పెడితే చుట్ట బిగుతు ఎక్కువ తక్కువగ ఉంటది. వెనక ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరుగగొట్టుండ్రి, పొరపాటున రికార్డు బటన్ ఒత్తినా చెరగది.

హుజూరాబాద్_స్పీకర్
120 నిమిషాల క్యాసెట్‌లు రెండు ఉన్నయ్, జాతర పాటలు. వాటికి వేరే జాగ్రత్త ఏమన్న ఉన్నదా?

డెక్_మెకానిక్
@హుజూరాబాద్_స్పీకర్ ఉన్నది. 60 టేపు మందం 16 నుంచి 18 మైక్రాన్లు, 90 ది 12, 120 ది 9 మాత్రమే. గట్టి డెక్ సాగదీస్తది, రోలర్ మురికిగ ఉంటే చుట్టేసుకుంటది. ఫాస్ట్ ఫార్వర్డ్ వాడకుండ్రి, చేత్తోని తిప్పుండ్రి. నడుమల ఆపుడు, మళ్ల మొదలుపెట్టుడు వద్దు, సైడ్ మొత్తం ఒకటే నడకల ఎక్కించుండ్రి. లెవల్, అజిమత్ మొదటి రెండు నిమిషాలల్లనే చూసుకొని, చేత్తోని ఎన్కకు చుట్టి, అప్పుడు రికార్డు ఒత్తుండ్రి. ఆ రెండు క్యాసెట్లనూ రోలర్ కొత్తది ఏసినంకనే ముట్టుండ్రి.